మాట్లాడనివాడికే క్రిస్మస్ చొక్కా

మా వదినగారు వెళ్ళిపోయారండీ. కొత్త సంవత్సరం ఆరాధన నుంచి వచ్చి, కాస్త నడుం వాలుస్తానని పడుకుని మళ్ళీ లేవలేదు. కబురు వినగానే చంటిపిల్లాడిలా ఏడ్చాను. ఏడుస్తూనే ప్రభువుకి స్తోత్రం కూడా చెప్పుకున్నాను. ఎందుకో మీకు చెప్పాలి. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా అన్నయ్య పెళ్ళి చేసుకునేటప్పటికి నేను నిక్కర్ల వయసువాణ్ణి. మాకు అమ్మ లేదు. అన్నం కలిపి పెట్టింది ఈ వదినగారే. ముక్తేశ్వరం చుట్టుపక్కల ఆవిడ మిషను మీద కుట్టిన బట్టలు తొడుక్కోని ఇల్లు తక్కువ. పక్కన కత్తెరున్నా దారం పళ్ళతోనే కొరికేవారు. ఎవరు గుమ్మమెక్కినా తలెత్తకుండానే "తిన్నావా?" అనేవారు. వచ్చింది పాస్టరుగారైనా అంతే!

క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదికీ ఆవిడే కుట్టేవారు. అయితే ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. ఆ ఏడాది నీకు ఎవరితో మాటల్లేవో, వాళ్ళకే నువ్వు కానుక పెట్టాలి. గుడ్డ నువ్వే తేవాలి, కొలతా నువ్వే తీసుకురావాలి. "మాట్లాడుకునేవాళ్ళకి కానుకలెందుకురా, మాటలున్నాయి కదా!" అనేవారు.

పాస్టరుగారు ఓసారి నవ్వుతూ అడిగారు. "ఇది ఏ వాక్యంలో ఉందమ్మా?"

"మనం మొహం తిప్పేసుకుని ఉన్నప్పుడే కదండీ, దేవుడు తన కొడుకుని ఇచ్చేసేడు. మంచిగా ఉన్నామనా ఇచ్చేడు?"



ఇక నా ఇద్దరు కొడుకుల మీది బెంగ సంగతి. మా పెద్దవాడు మస్కట్‌లో ఉండేవాడు. తమ్ముడికి కూడా వీసా తీయించి తీసుకెళ్ళాడు. చిన్నవాడు ఆ ఎండకి తట్టుకోలేక చెప్పాపెట్టకుండా వచ్చేశాడు. యజమాని దగ్గర పెద్దవాడి పరువు పోయింది. "ఇంక నీ మొహం నాకు చూపించకు" అని ఫోన్లో అన్నాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. పోయిన వేసవిలో పెద్దవాడు ఉద్యోగం చాలించుకుని ఊరొచ్చేశాడు. ఇద్దరివీ పక్కపక్క వాటాలు, ఒకే బోరు నీళ్ళు. అయినా ఒకడు బయటికొస్తే ఒకడు లోపలికి పోయేవాడు. నేను కళ్ళు మూసేలోగా వీళ్ళ మాట వింటానా అని మోకాళ్ళ మీద ఎంత ఏడ్చానో ఆ ప్రభువుకే తెలుసు.

మొన్న క్రిస్మస్ ముందు వదినగారు చిన్నవాణ్ణి పిలిచారు. "మీ అన్నయ్యకి నువ్వే పెట్టాలి. కొలత పట్రా."

వాడు తెలివిగా పెట్టెలోంచి అన్నయ్య పాత చొక్కా ఒకటి తీసి ఇచ్చాడు. ఆవిడ విప్పి చూసి వాడి ఒళ్ళోకి విసిరేశారు.

"ఇది మస్కట్ వెళ్ళకముందుదిరా. వాడిప్పుడు ఇలాగున్నాడా? అసలు చూసేవా నువ్వు?"

"చూడనివ్వాలి కదా పెద్దమ్మా!"

"టేపు పట్టుకెళితే చూడనిస్తాడు. వెళ్ళు!"

వెళ్ళాడు. పెద్దవాడు గుమ్మంలో నిలబడ్డాడు. ఆచారం వాడికీ తెలుసు. చేతులు బారచాపాడు. చిన్నవాడు ఛాతీ కొలవడానికి టేపు వెనకనుంచి తిప్పాలి కదండీ, రెండు చేతులూ అన్న చుట్టూ వేశాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. చొక్కా కుట్టడం కాదు, అసలు కానుక ఇదే కాబోలు అనిపించింది. దేవుడు పరలోకం నుంచే ప్రేమించి ఊరుకోవచ్చు. మరి పశువుల తొట్టిదాకా ఎందుకు వచ్చాడు? దగ్గరికొచ్చి ముట్టుకోవడానికే కదా! ఇన్నేళ్ళు క్రిస్మస్ చేసుకున్నాను, ఆ సంగతి నాకు ఆ పూటే తెలిసింది.

"పొట్ట పీల్చకు. సరిగ్గా రాదు" అన్నాడు చిన్నవాడు మెల్లిగా.

"పీల్చట్లేదెహె. ఉన్నదే ఇంత."

"మస్కట్‌లో బాగానే మేపేరన్నమాట."

"నువ్వుండుంటే నీకూ ఉండేది, పారిపోయొచ్చేవు!" అన్నాడు పెద్దవాడు. మళ్ళీ మొదలైందనుకుని నేను అరుగు మీంచి లేవబోయాను. ముందు చిన్నవాడే ఫక్కుమన్నాడు. తర్వాత పెద్దవాడు. ఆ నవ్వు ఎంతసేపో!

చిన్నవాడు తిరిగొచ్చాక వదినగారు "ఎంతొచ్చిందిరా ఛాతీ?" అన్నారు.

వాడు టేపు తిప్పి చూసుకున్నాడు. నవ్వుల్లో పడి అంకె చూడ్డం మర్చిపోయాడు.

"మళ్ళీ వెళ్ళు" అన్నారావిడ, దారం కొరుకుతూ.

ఆ చొక్కాయే ఆవిడ మా ఇంటికి కుట్టిన ఆఖరి చొక్కా. క్రిస్మస్ నాడు పెద్దవాడు అది తొడుక్కుని మందిరంలో తమ్ముడి పక్కన కూర్చున్నాడు. వారం తిరిగేసరికి అదే చొక్కాతో, తమ్ముడితో కలిసి ఆవిడ శవపెట్టెకి భుజం పట్టాడు.

మర్నాడు పొద్దున్న సమాధికి ఇటుకలు మాట్లాడాలని ఇద్దరూ ఒకే బండి మీద బయల్దేరారు. కాలవగట్టు మీద పొగమంచు దట్టంగా పట్టేసింది. నాలుగడుగులు వెళ్ళేసరికి బండి కనబడలేదు, మనుషులూ కనబడలేదు. ఆ తెల్లటి మంచులోంచి "మెల్లిగా పోనివ్వరా", "నువ్వు ఊగకుండా కూర్చో అన్నయ్యా" అని వాళ్ళ గొంతులు మాత్రం వినబడుతూనే ఉన్నాయి.