జ గీసిన పేస్టీ

ఇక్కడ ఇంగ్లండులో, పాడింగ్టన్ స్టేషన్ పేస్టీల కొట్టు దాటేటప్పుడు వేడి వెన్న, మిరియాలు, ఉడికిన మాంసం కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, హేస్‌లో మా పాత కౌన్సిల్ అద్దె ఫ్లాట్ వంటిల్లే గుర్తొస్తుంది. విమానం పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగల్లాడే ఆ వంటింట్లో, క్రిస్మస్ ముందురోజు, మా అవ్వ, అంటే నాన్న వాళ్ళమ్మ, పిండిలో మాంసం కూరి, కజ్జికాయల్లా అంచులు మడిచి పేస్టీలు చేసేది. కోలారు బంగారు గనుల్లో ఇంగ్లండు పడమటి కొస కార్న్‌వాల్ నుంచి వచ్చిన దొర ఇంట్లో వంట చేసిన తన అత్తగారి దగ్గర నేర్చుకుందట. ఎవరిది వాళ్ళకే చేరాలని ఆ గని మనుషులు చేసినట్టే, కాల్చేముందు ఒక మూలన జడపిన్నుతో పేరులో మొదటి అక్షరం గీసేది. నాది సు, అమ్మది మే, నాన్నది జ.

నాన్న మాత్రం తనది ముట్టేవాడు కాదు.

కారణం మా ఇంటి పేరు, ట్రెవార్తా. ఆ దొరదీ అదే. కార్న్‌వాల్ వాళ్ళ భాషలో ఎగువ పల్లె అని అర్థమట. మనలాగే వాళ్ళూ ఊరి పేరునే ఇంటి పేరు చేసుకున్నారన్నమాట. మరి చిత్తూరు నుంచి గనులకు పోయిన మాకెందుకు ఆ పేరు? స్కూల్లో కొత్తగా వచ్చిన ప్రతి టీచరూ హాజరు పిలుస్తూ నన్ను ఎగాదిగా చూసేది. తెలుగు చర్చిలో ఆంటీలైతే చేతిలో సమోసా పెట్టి మరీ ఆరా తీసేవాళ్ళు. "అది సరేగానీ, మీ అసలు ఇంటి పేరేంటమ్మా?" కులం దాస్తున్నామని వాళ్ళ అనుమానం. నాన్న అనుమానం అంతకంటే చెడ్డది. తన తండ్రి ఆ దొరకే పుట్టాడని, అది కప్పిపుచ్చడానికే అవ్వ కథలల్లుతోందని.

"మీ నాన్నకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆ దొర జ్ఞానతండ్రిగా పక్కన నిలబడినాడు నాయనా. ఆయన పేరే పెట్టినారు, అంతే!" అనేది అవ్వ.

"ఊరికే ఎవడిస్తాడమ్మా పేరు?"

"చెప్తే నమ్మవు గదా," అని అవ్వ జ పేస్టీ మీద గిన్నె బోర్లించేది. మర్నాడు చల్లారిపోయిన దాన్ని నేనే తినేదాన్ని. తింటూ తింటూ గోడమీది తాత ఫోటోలో ముక్కు చూసేదాన్ని, దొరముక్కేమోనని. ఆ పురుగు నన్నూ తొలిచింది మరి.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. పోయిన నెల నేను పోరగా పోరగా నాన్న వంశం తేల్చే ఉమ్మి పరీక్ష చేయించుకున్నాడు. ఫోన్లో ఫలితం వచ్చింది. ఇంగ్లండు రక్తం చుక్క కూడా లేదు.

"ఇవన్నీ మోసంలే," అన్నాడు ముందు. మూడోరోజు తనే ఫోన్ చేశాడు. "సుగుణా, దాంట్లో అమ్మ ఏమేం పెట్టేదే?"

ఆ కూర పాళ్ళు అవ్వతోనే పోయాయి. అందుకే ఇవాళ స్టేషన్లో ఒకటి కొని, జడపిన్నుతో మూలన జ గీసి హేస్ తీసుకెళ్ళాను. నాన్న అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఒక ముక్క కొరికి నావైపు అనుమానంగా చూశాడు.

"అమ్మ చేసింది ఇట్లుండేది కాదు గదా?"

"కాదు నాన్నా."

తల ఊపి, జ గీసిన మూలతో సహా మొత్తం తినేశాడు.