మా నాయిన చెప్పిన విక్టోరియా

ఆ రోజుల్లో (అంటే పురాణకాలమేం కాదు, ఎల్బీనగర్‌కు మెట్రో కొత్తగా వచ్చిన రోజులు) తెలివంతా నా ఒక్కదాని దగ్గరే ఉందని నాకు గట్టి నమ్మకం. డిగ్రీలో కాలేజీ ఫస్టు వచ్చేసరికి ఆ నమ్మకానికి కొమ్ములు మొలిచాయి. పైగా ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిచి, "ఈసారి వాలెడిక్టోరియన్‌వి నువ్వే, పట్టాల సభలో చివరి ప్రసంగం నీదే" అన్నారు. అందులో విక్టరీ వినిపించింది కాబట్టి విజేత అని నాకు నేనే అర్థం చెప్పుకుని, నేనెంత గొప్పగా చదివానో ఇంగ్లిష్‌లో మూడు పేజీలు రాసుకున్నాను.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపే మా నాయినకు ఆ మాట నోరు తిరగలేదు. "మా బిడ్డ విక్టోరియా అయింది" అని దిల్‌సుఖ్‌నగర్‌లో కనపడ్డ వాళ్లందరికీ చెప్పాడు. కోస్తా నుంచి వచ్చిన మా ఇంటి ఓనరాంటీ మెట్ల మీద నన్నాపి, "విక్టోరియా మెట్రో స్టేషన్లో ఉద్యోగమొచ్చిందంటగా! టికెట్లిచ్చే పనేనా అమ్మా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. సభలోనూ ఇలాగే పరువు తీస్తాడని భయం పట్టుకుంది.

"నువ్వు రాకు నాయినా, గాడ అంత ఇంగ్లిషే ఉంటది" అన్నాను.

"ఎన్క కూసుంట తియ్యి" అన్నాడు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

సభ రోజు పొద్దున నా ప్రసంగం చదివి ఇంగ్లిష్ సారు పడీపడీ నవ్వారు. "విక్టరీకీ దీనికీ చుట్టరికం లేదమ్మా. లాటిన్‌లో 'వాలే' అంటే క్షేమంగా ఉండు అని, 'డికెరే' అంటే చెప్పడం. అందరి తరఫునా వీడ్కోలు చెప్పే పని ఫస్టొచ్చినవాళ్లకు ఇస్తారు కాబట్టి వాళ్లకా పేరు. నీ మూడు పేజీల్లో వీడ్కోలు ఏదీ?" అన్నారు. మూడు పేజీలూ చింపేశాను.

మైకు ముందు మేడమ్‌కూ సార్లకూ ఎలాగో థాంక్స్ చెప్పేశాను. ఇక వీడ్కోలు చెప్పాలి. మూడేళ్లు పక్కన కూర్చున్న స్నేహితురాళ్ల ముఖాలు చూడగానే ఏడుపొచ్చేసింది. ఇంగ్లిష్ రాలేదు, తెలుగూ రాలేదు. అప్పుడు ఆఖరి వరుసలో మా నాయిన లేచి నిలబడ్డాడు.

"పోయొస్త అను బిడ్డా! పోత అనకు!"

హాలంతా గొల్లున నవ్వింది. నేను ఏడుస్తూనే నవ్వి, "పోయొస్తా" అన్నాను. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెప్తున్నాను. మెట్రోలో విక్టోరియా స్టేషన్ పేరు వినపడినప్పుడల్లా "రాకు నాయినా" అన్న ఆ పిల్ల గుర్తొచ్చి సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ రోజు హాల్లో వాలెడిక్టోరియన్ అన్న మాటకు అర్థం తెలిసినవాళ్లు ఇద్దరే, ఇంగ్లిష్ సారూ, మా నాయినా. ఫస్టొచ్చింది మాత్రం నేను!