పాత పేరుతో పిలిస్తే

పోయిన ఆదివారం పొద్దున మొజంజాహీ మార్కెట్టులో జామపండ్లు ఏరుకుంటుంటే, పాత కట్టడాలు చూస్తూ తిరిగే గుంపొకటి వచ్చి సరిగ్గా నా పక్కనే ఆగింది. వాళ్లను నడిపిస్తున్న కుర్రవాడు చొక్కాకు తగిలించుకున్న చిన్న మైకులో, మనమంతా చిన్నప్పటినుంచీ వింటూ వచ్చిన భాగమతి, గోల్కొండ సుల్తాను మనసుపడి పెళ్లాడి రాణిని చేసుకున్న ఆ హిందూ పడుచు, అసలు పుట్టనే లేదని చెబుతున్నాడు. సుల్తాన్ల సమాధుల దగ్గర ఆమె సమాధి లేదట, ఆమె పేరున శాసనం లేదట, నాణెం లేదట, కాబట్టి ఆమె కూడా లేదట. చదువుకున్న పిల్లవాడు, చెప్పింది నిజమే కావచ్చు, చరిత్రతో నాకేమీ పేచీ లేదు. కానీ సమాధి లేదు కనుక మనిషి లేదన్న మాట దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండింది. మా పెద్దమ్మ సమాధి ఎక్కడుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు మరి.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నాంపల్లి అంటే రైలు కూతలు, సైకిలు రిక్షాల గంటలు, అంతే. నాన్నది ఊళ్లు తిరిగే ఉద్యోగం కావడంతో అమ్మా నేనూ స్టేషను వెనక తాత ఇంట్లోనే ఉండేవాళ్లం. తాతకు ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల దుకాణం. సాయంత్రం ముందు ఘాటు ఇంట్లోకి వచ్చేది, తర్వాత తాత వచ్చేవారు, ఆ రెంటిలో ఏది ఎక్కువ ఘాటో చెప్పడం కష్టం. మధ్యాహ్నాలు అమ్మమ్మ చింతపండులో గింజలు తీస్తూ నాకు భాగమతి కథ చెప్పేది. మూసీ పొంగి పారుతుంటే యువరాజు గుర్రంతో సహా వరదలోకి దూకడం, అవతలి ఒడ్డున ఆమె ఊపిరి బిగబట్టి నిలబడడం, కొడుకును దక్కించుకోవడానికి తండ్రి నదికి వంతెన కట్టించడం, అన్నీ తాను పక్కన ఉండి చూసినట్టే చెప్పేది. చివర మాత్రం ఎప్పుడూ ఒకే మాట. పెళ్లయ్యాక సుల్తాను ఆమెకు తమ పద్ధతిలో కొత్త పేరు పెట్టాడని చెప్పి, “ఇగ గా పొద్దు నుంచి పాత పేరుతోని పిలిస్తె ఆమె పలుకలేదంట బిడ్డా,” అంటూ గింజను పళ్లెంలోకి విసిరేది. అది కథకు ముగింపు అనుకునేదాన్ని. అది ఆమె దుఃఖమని చాలా తర్వాత తెలిసింది.

ఎందుకంటే అమ్మకు ఒక అక్క ఉండేది. నేను పుట్టకముందే, ఆబిడ్స్‌లో టైపు నేర్చుకోవడానికి వెళుతూ, టైపు నేర్పే మేడ కింద గడియారాలు బాగుచేసే ఒక ముస్లిం యువకుణ్ణి ఇష్టపడి, దాచకుండా ఇంట్లో చెప్పి మరీ వెళ్లిపోయింది. ఆమె పేరు ఈ ఇంట్లో వినబడకూడదన్నారు తాత. వినబడలేదు. సుల్తాను చేసుకుంటే ఊరంతా చెప్పుకునే రాణి, గడియారాలాయన చేసుకుంటే చచ్చినదానితో సమానం, అదీ మా ఇంటి న్యాయం. సాయంత్రం దీపం పెడుతూ అమ్మ పెదవులు కదిలించడం చూసి, అక్క కోసమే అయి ఉంటుందని నేను ఊహించుకునేదాన్ని.

ఒకరోజు తాత దుకాణానికి వెళ్లాక, మాకు రోజూ పూలు ఇచ్చే ఆమె గుమ్మంలో మూర కొలుస్తూ గొంతు తగ్గించి చెప్పింది. “మీ అక్క దవాఖానల ఉన్నదంటనమ్మా. గొంతు పడిపోయిందంట, మాట లేదంట. జర జల్ది పోయి సూసి రా.” అమ్మ ఆ పూలు అందుకోనేలేదు. ఉన్న చీరతోనే నా చెయ్యి పట్టుకొని ఆబిడ్స్‌కు పరుగెత్తింది. గడియారాల దుకాణానికి తాళం వేసి ఉంది. పక్క దుకాణం వాళ్లు నాంపల్లి వైపు ఉన్న సర్కారు దవాఖాన పేరు చెప్పారు. రిక్షాలో అమ్మ నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, నొప్పిగా ఉందని చెప్పడానికి కూడా నాకు భయం వేసింది.

ఆడవాళ్ల వార్డు ముందు కూర్చున్న ఆయా పేషెంటు పేరేందని అడిగింది. అక్క పేరు మార్చుకొని ఉంటుంది కదా, ఆ కొత్త పేరేమిటో మా ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పాత పేరు నాలుక చివరనే ఉన్నా, ఆ పేరుతో అక్క ఇక్కడ ఉండదన్న నమ్మకంతో అమ్మ దాన్ని మింగేసింది. ముస్లిం ఆయన భార్య, గొంతు జబ్బు అని మాత్రం చెప్పగలిగింది. “పేరు తెల్వకుంట ఏడ ఎతుకుతవమ్మా,” అని విసుక్కుంటూనే ఆయా మమ్మల్ని లోపలికి వదిలింది.

పొడుగాటి వార్డు, రెండు వైపులా మంచాలు. తలగడ పక్కన బురఖా మడిచిపెట్టి ఉన్నచోట, ఉర్దూ మాట వినబడినచోట అమ్మ ఆగి, ఒంగి, ముఖంలోకి చూసి, కాదని తెలిసి దండం పెట్టి, ఇంకో మంచానికి పరుగెత్తింది. నుదుట బొట్టు ఉన్న ముఖాలను చూడాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. చివరికి ఏంచేయాలో తోచక వార్డు మధ్యలో నిలబడి అక్కా అని కేక పెట్టింది. సగం మంది తలలు తిప్పి చూశారు, ఎవరికి లేరు చెల్లెళ్లు. గోడ పక్క మంచం మీద, పెద్ద బొట్టుతో చిక్కి శల్యమైన ఒకావిడ చెయ్యి లేపింది. అమ్మ అటు చూడలేదు, నీళ్లడుగుతోందని నేననుకున్నాను. నిజంగానే చూశానో, తర్వాత విన్నది ఈ జ్ఞాపకంలో కలుపుకున్నానో ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను. ఇంతలో గంట కొట్టి అందరినీ బయటికి పంపేశారు. అమ్మ గేటు దగ్గర కూలబడి, రేపు వద్దాం, రేపు దొరుకుతుంది అని, నాతో కాదు, తనతోనే చెప్పుకుంటూ ఏడ్చింది.

మర్నాడు తాత దుకాణానికి వెళ్లలేదు. ఎవరు చెప్పారో గాని గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చున్నారు, ఆ మర్నాడూ అంతే. అమ్మ వంటింటికీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కాళ్లు పట్టుకుంది, ఒక్కసారి చూసొస్తానంది. తాత పేపరు పక్కకు తీయలేదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, గడ్డం మాసిన ఒకాయన వచ్చి మా గుమ్మం బయట నిలబడ్డాడు. ఆయనెవరో, అక్క ఇక లేదనీ చూడగానే అమ్మకు అర్థమైంది. ఏడవలేదు. అక్కకు ఏ పేరు పెట్టారని అడిగింది, ముందు ఆ ఒక్క మాటే అడిగింది. ఆయన తెల్లబోయాడు. “నేనేం పేరు పెడ్తనమ్మా? మీ నాయన పెట్టిన పేరే. గా పేరుతోని పిలిస్తెనే పలికేది. దవాఖానల గూడ గదే చెప్పిన. బొట్టు గూడ ఎన్నడు తీయలేదు.” అమ్మ తలుపు పట్టుకుంది. తాను మందులకు వెళ్లి వచ్చేసరికి పెద్దమ్మ తలుపు వైపు చూపిస్తూ, చేతిని ముందు గుండె మీద, తర్వాత గొంతు మీద పెట్టుకొని సైగ చేసిందని ఆయన చెప్పాడు. “చెల్లె వచ్చి పిలిచింది, నేను పలుకలేకపోయిన అని. గది మీకు చెప్పాలెనని వచ్చిన.” అక్కను ఎక్కడ పూడ్చారని అమ్మ అడిగింది. ఆయన నోరు తెరిచేలోపు వెనకనుంచి తాత వచ్చి తలుపు మూసి గడియ వేశారు. అమ్మ ఆ తలుపుకు తల కొట్టుకుంటుంటే అమ్మమ్మ చింతపండు చేతులతోనే వచ్చి పట్టుకుంది.

తర్వాత అమ్మ ఎన్నిసార్లు ఆబిడ్స్ వెళ్లినా ఆ దుకాణం తెరిచి లేదు, ఆయన ఊరు విడిచి వెళ్లాడన్నారు. బతికినన్నాళ్లూ అమ్మ ఏ ఖబ్రస్తాన్ గోడ పక్కనుంచి వెళ్లినా చెప్పులు విడిచి కాసేపు నిలబడేది, ఆ సమాధుల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది కదా అనేది. అమ్మమ్మ భాగమతి కథ మళ్లీ చెప్పలేదు. నేను అడిగితే చేతిలో పుట్నాలు పెట్టి బయటికి పంపేది.

ఆ కథ మాకు నేర్పింది ఒక్కటే, వెళ్లిన ఆడపిల్ల పేరు మార్చుకుంటుందని. మార్చుకోని పిల్ల ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ గడియారాల దుకాణం ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. పిల్లలు నచ్చినవాళ్లను చేసుకొని ఎవరి పేరు వాళ్లే ఉంచుకుంటున్నారు. మూసుకునే తలుపులు పూర్తిగా పోయాయని మాత్రం నేను అనలేను.

నేను జామపండు పట్టుకొని అలాగే నిలబడి ఉండడం చూసి, మైకు కుర్రవాడు దగ్గరికి వచ్చాడు. “అమ్మా, మీరు గీడి వాళ్లేనా? మీ పేరేంది?” అని మర్యాదగానే అడిగాడు. గట్టిగా నాలుగు మాటలు అందామనుకున్నదాన్ని, నా నోట ఒక్క మాటే వచ్చింది. అనసూయ. అది నా పేరు కాదు.

“అనసూయమ్మగారంట, గీడనే పుట్టి పెరిగిన్రంట,” అని అతను గుంపు వైపు తిరిగి చెప్పాడు. మైకులో ఆ పేరు పండ్ల దుకాణాల మీదుగా మార్కెట్టంతా వినబడింది. అలవాటు కొద్దీ నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ తలుపు వేయలేదు.