వేళ్లతో వాయించిన డప్పు

ఆమెను తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. నకిరేకల్ జానపద ఉత్సవంలో ఆడవాళ్ల డప్పు బృందానికి ఆమె పెద్ద. తమతో కలిసి వాయించడానికి ఎవరొచ్చినా పక్కకు జరిగి, “రా బిడ్డా, జాగున్నది” అనేది. నేనూ పిల్లనగ్రోవితో అట్లాగే చేరాను.

ఇంతలో మరో ఊరి మగవాళ్ల డప్పు బృందం మాతో కలిసి దరువు పెంచింది. ఆ హోరులో నా పాట మునిగిపోయింది. పిల్లనగ్రోవి దించేశాను. ఆమె అది చూసింది.

“జర ఆగుండ్రి. గీ పిల్ల ఊదుతాంది, ఇనుండ్రి” అన్నది వాళ్లతో.

“మీరు ఆపమంటె మేం ఆపాల్నా?” అని వాళ్ల పెద్దాయన నవ్వాడు.

ఆమె డప్పు పుల్లలు నడుముకు దోపుకుని, వేళ్లతో మెల్లగా వాయించడం మొదలుపెట్టింది. ఆడవాళ్లందరూ ఆమె వెంటే అందుకున్నారు. వినడానికి జనం వాళ్ల చుట్టూ మూగారు. కాసేపటికి ఆ పెద్దాయన కూడా పుల్ల దించి, వేళ్లతో కలిశాడు.

ఆమె నా వైపు తిరిగి, “ఇగ ఊదు” అన్నది.