నన్ను అడుగున పెట్టుమన్నడు

ఆ రోజుల్ల కంప్యూటర్ అంటే అడిగి నేర్చుకునే చదువు కాదు, ఆగం జేసి నేర్చుకునే చదువు. ఇప్పటోళ్ళకు ఆటల ఒక మోడ్ కావాలంటే ఒక్క బటన్ ఒత్తుతరు. అదే దిగుతది, అదే ఎక్కుతది, ఏది ముందు ఏది వెనుక అనేది కూడ అదే సర్దుకుంటది. వీళ్ళు ఆ సందుల చిప్స్ తింటరు, అంతే. (మోడ్ అంటే ఏందని అడిగే పెద్దమనుషుల కోసం: ఆట చేసినోళ్ళు వాళ్ళకు నచ్చినట్టు చేసి అమ్ముతరు. కిరాయి ఇంట్ల దిగినోడు గోడకు తనకు నచ్చిన రంగు ఏసుకున్నట్టు, ఆ ఆటకు మనం మన ఇష్టం కొద్దీ ఏసుకునే రంగే మోడ్.) మేము అట్ల కాదు. ఒక్కొక్క ఫైలు చేతితోని తీసి, చేతితోని పెట్టి, ఆట నిలబడితే దండం పెట్టి, కూలబడితే మొదటికెళ్ళి మొదలు పెట్టినోళ్ళం. ఆ కష్టం చెప్పుకుంటే ఇయ్యాల వినేటోడు లేడు. అందుకే రాస్తున్న.

అప్పుడు నేను యువకుణ్ణి. నలభై దాటినయి గని మౌస్ పట్టి ఎన్నో ఏండ్లు కాలే, ఆ లెక్కన యువకుణ్ణే. చేవెళ్ళ బస్టాండు ఎదురుగ సందుల నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండె. పదో తరగతి నన్ను దాటనియ్యలే గని, కంప్యూటర్ నన్ను ఏ సర్టిఫికెట్టు అడగలే. పొద్దంత పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంటి. ఆ పనిల నాకు అబ్బిన శాస్త్రం ఒక్కటే: ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద. చిన్నగ కనిపిస్తది గని దాంట్లనే లోకమంత ఉన్నది. ఒకసారి ఒక పత్రికల మేనమామ పేరు ఒక వరుస కిందికి జారిందని ఆయన పెండ్లికి రానని కూసున్నడు, పత్రికలన్ని మళ్ళ కొట్టియ్యాల్సి వచ్చింది. ఫ్లెక్సీల ఒక లీడర్ ఫొటో ఇంకొక లీడర్ ఫొటోకు జర కిందికి పడితే, కట్టిన ఫ్లెక్సీ సాయంత్రానికి ఉండకపోవుడు నేను కండ్లార చూసిన. పైన ఉన్నోడే పెద్దోడు. ఇది నాకు ఎవడు నేర్పలే, దెబ్బలు తిని నేర్చుకున్న. ఇదే నన్ను ముంచింది.

సాయంత్రమైతే కాలేజీ పోరగాళ్ళు నా దగ్గరికి ఒక ఆట ఆడుటానికి వస్తుండిరి. కత్తి పట్టుకొని దేశమంత తిరిగే ఒక వీరుడు, వాగులు, కోటలు, దయ్యాలు. ఆ వీరుడు అలిసిపోయి ఒక పూటకూళ్ళ ఇంట్ల అడుగు పెడితే, అక్కడి ఆమె ఇంగ్లీషుల "రండి" అంటది. నాకు ఆడ మనసు ఒప్పలే. అంత దూరం నడిచి వచ్చినోణ్ణి పలకరించుడు అట్లనేనా? ఫైళ్ళల్ల వెతికిన. ఆమె గొంతు ఒక చిన్న ఫైలుల ఉన్నది. అదే పేరుతోని ఇంకొక గొంతు పెడితే ఆ గొంతే వస్తదని నాకు నేనే కనిపెట్టిన. ఇంటికి పోయి మా ఇంటామె నెత్తికి మైకు తగిలిచ్చిన. ఎన్నిసార్లు రికార్డింగు అయ్యిందో చెప్పలేను. ఒకసారి నవ్వె, ఒకసారి పాలోడు పిలిచె, ఒకసారి "దీనికి కరెంటు షాకు కొట్టదు గదా" అని అడిగింది రికార్డయ్యె. చివరికి మంచిగ వచ్చింది: "ఎవరోళ్ళు మీరు? కాళ్ళు గడుక్కొని లోపటికి రాండ్రి. బువ్వ తిన్నరా?" అంత మంచిగ వచ్చిందనే సంబురంల, వెనుక వంటింట్ల నుంచి కుక్కర్ ఒక కూత కూసింది కూడ పడిందని నేను చూసుకోలే. కత్తుల కాలంల, కోట పక్కన, కుక్కర్ కూత. పోరగాళ్ళు విని గోలగోల చేసిండ్రు. ఇంటామె ఒకసారి వచ్చి విని, ఆలూర్ల ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెప్పి, ఆ చెల్లెలు ఊరంత చెప్పి, మొత్తానికి చేవెళ్ళల నా అంత మోడ్ మాస్టర్ లేడనే పేరు వచ్చింది. ఆ పేరు ఒక నెల కూడ నిలువలే.

మొయినాబాద్‌ల కొత్తగ ఇల్లు కట్టుకున్న ఒక సారు, గృహప్రవేశం కార్డుల కోసం నా దుకాణానికి వచ్చిండు. గోదావరి దిక్కాయన, సిటీల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏది అడిగినా "ఆయ్" అంటడు. డిజైన్ నచ్చిందా సార్ అంటే "ఆయ్", చాయ్ తాగుతరా అంటే "ఆయ్". అందుకే మా సెంటర్ల ఆయనకు ఆయ్ సారు అని పేరు పడ్డది. (పెట్టింది నేనే. చెప్పుకోవాలె గదా.) ఆయన నా కంప్యూటర్ మీద ఆట చూసి కండ్లు పెద్దగ చేసిండు. "మీరు కూడానా అన్నగారూ! నేనూ ఒక మోడ్ చేశానండి" అని మర్నాడే ఒక సీడీ తెచ్చిచ్చిండు.

ఆ సీడీ పెట్టిన రోజు నాకు అన్నం సైపలే. ఆయన ఏకంగ అంగడి కట్టిండు! కోట బయట మైదానంల వారం అంగడి. టమాటలు, గులాబీ పూల గంపలు, బేరమాడే మనుషులు, కట్టేసిన మేకలు. గాలికి దుకాణాల గుడ్డలు కూడ ఊగుతున్నయి. నేను ఒక గొంతు మార్చి ఊరేగిన, ఆయన ఊరే దించిండు. పోరగాళ్ళు నా ముందటనే "నెట్టన్నా, అంగడి మోడ్ ఎక్కియ్యి, అది లేకుంటే ఆడుడెందుకు" అనవట్టిరి. అన్నేండ్లు చదువుకున్నోడు, కంపెనీ జీతం తీసుకునేటోడు, ఆయనకు ఈ ఆటలు కూడ కావాల్నా? మాకొక్కటి మిగిలియ్యొద్దా? లోపల ఉడుకుతున్నా పైకి నవ్వుకుంట ఎక్కిచ్చిన. మోడ్లన్ని ఒక పట్టీల కనిపిస్తయి, పక్కన పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం. నా దుకాణం, నా మిషన్. నాది అన్నిటికంటె పైన పెట్టిన, ఆయనది అట్టడుగున పెట్టిన. కడుపు జర సల్లబడ్డది.

సరిగ్గ ఆ రోజే మా మరదలు ఆలూర్ నుంచి వచ్చింది, అక్క గొంతు వినుటానికి. ఇంటామె పట్టుచీర కట్టింది. (కనిపించేది గొంతు, కట్టేది చీర. ఎందుకని నేను అడగలే.) పోరగాళ్ళు కుర్చీలు వదిలి లేచి నిలబడ్డరు. నేను వీరుణ్ణి నడిపిచ్చుకుంట పోయి తలుపు తెరిపిచ్చిన. లోపల నుంచి తేనె కారినట్టు ఒక గొంతు: "అయ్యో, ఎండన పడి వచ్చారా బాబూ! దయచేయండి, కాస్త మజ్జిగ పుచ్చుకుందురుగాని."

ఒక పోరగాడు మెల్లగ స్పీకర్ తగ్గిచ్చిండు.

"అక్కా, నీ గొంతు గింత మెత్తగ ఎప్పుడైంది?" అన్నది మరదలు.

"ఎవతె ఇది?" అన్నది ఇంటామె. కంప్యూటర్‌ను కాదు, నన్ను.

"ఆయ్ సారు వాళ్ళావిడ అయి ఉంటది, నాకు తెల్వకుండ..."

"ఓహో. ఆమెకు మజ్జిగ, నాకు కుక్కరా?"

ఇంటికి పోయినంక ఒక్కటే మాట చెప్పింది: "ఆ డబ్బల నా గొంతు వచ్చినంకనే ఈ ఇంట్ల నా గొంతు వస్తది." అన్నదే నిజం చేసింది. చాయ్ వస్తది, మాట రాదు. అన్నం గిన్నె టక్కుమని పడతది, మాట రాదు. ఆయన మోడ్ తీసేస్తే అయిపోతుండె గదా అంటరు మీరు. తీసిన. తీస్తే అంగడిల నిలబడి సేవ్ చేసుకున్న పోరగాళ్ళ ఆటలు ఒక్కటి తెరుచుకోలే, లొల్లి లొల్లి. అయినా ఒక కొత్త ఆట మొదలుపెట్టి, ఇంటామె గొంతు వినిపించి పిలిచిన. ఆమె మరదలితోని అన్నది, నేను వినేటట్టు: "ఆమె లేనప్పుడు నేను పలుకుడు ఏం గొప్ప? ఆమె ఉండంగనే నేను పలకాలె." ఆయన మోడ్ మళ్ళ ఆ అడుగుననే ఎక్కిచ్చిన. నా మనసుల ఉన్నది కూడ అదే గదా.

ఇగ ఇది కావాలని చేసిన పనే అనుకున్న. నా మోడ్ అందరి నెత్తి మీద ఉన్నది, అయినా అడుగున ఉన్న ఆయనది పలుకుతున్నది అంటే, ఆ సీడీల ఏదో పెట్టిండు. బస్సెక్కి మొయినాబాద్ పోయిన. దారి పొడుగూత ఏమేం అడగాల్నో నెమరేసుకున్న. పోయి చూస్తే ఆయన ఇల్లు నన్ను ఇంకింత కాల్చింది. తిరిగే కుర్చీ. గోడకు ఆనించిన పెద్ద స్పీకర్లు. నెట్టు ఎప్పటికి పోదట. ఆయన స్క్రీన్ మీద మోడ్లు సాలు పెట్టినట్టు వరుసగ ఉన్నయి. ఒక్కటి కూలబడదు, ఒక్కటి ఎర్రగ మెరవదు. వాళ్ళావిడ అదే తేనె గొంతుతోని "రండి అన్నయ్యగారూ, మజ్జిగ పుచ్చుకుందురుగాని" అన్నది. నేను వద్దన్న. (దూప మస్తుగున్నది. అయినా వద్దన్న.)

నేను సంగతి చెప్పంగనే ఆయన నవ్విండు. "అదేం పెద్ద విషయం కాదండి అన్నగారూ. మీది అడుగున పెట్టండి, సరిపోద్ది."

"ఏంది సార్?"

"మీది అడుగున పెట్టండి. మాది పైన ఉంచండి. అంతేనండి."

నాకు చెవుల నుంచి పొగ వచ్చింది. అడుగున! నన్ను! పెండ్లి పత్రికల మేనమామను కూడ ఎవడు ఇంత సాఫీగ కిందికి తొయ్యలే. "సార్, మీరు చదువుకున్నోళ్ళు, మీరు పైననే ఉంటరు, మాకు తెల్సు. గని మా దుకాణంల కూడ మమ్మల్ని అడుగుననే పెట్టుమని ఇంటికొచ్చినోనికి చెప్పుడు ఉన్నది జూడు, అది మంచిగ లేదు" అన్న. ఆయన "అది కాదండి, ఆగండి, ఆయ్..." అనుకుంట గేటు దాక వచ్చిండు. నేను ఆటో ఎక్కిన. ఆ ఆటో ఎటు పోతదో కూడ అడగలే. చిల్కూరుకు పోయింది. దేవుణ్ణి చూసుకొని, నా పక్షాన ఉండుమని చెప్పి, వాపస్ వచ్చిన.

ఇంట్ల మౌనం అట్లనే ఉన్నది. పోరగాళ్ళు అంగడిల టమాటలు కొంటనే ఉన్నరు. ఎవరు పూటకూళ్ళ ఇంట్లకు పోయినా మజ్జిగ. నేను చెవుల దూది పెట్టుకొని ఫ్లెక్సీలు చేసుకుంటున్న.

ఒక ఆదివారం దుకాణం ముందు కారు ఆగింది. ఆయ్ సారు, వాళ్ళావిడ. చేతిల సున్నుండల డబ్బ. "మీరు కోపంగా వెళ్ళిపోయారని ఈయన నిద్ర పోవట్లేదు అన్నయ్యగారూ" అన్నది ఆమె. నేను ఏదో గొణిగిన. అంతల సందు చివర ఉన్న ఇంటి నుంచి మా ఇంటామె వచ్చింది, వెనుక మళ్ళ మరదలు. వచ్చింది కొట్లాటకే అనుకున్న. గని ఇంటికొచ్చినోళ్ళను నిలబెట్టుడు ఆమెకు చేతకాదు. "కూసోండ్రి, ఎండల వచ్చిండ్రు" అని ఆమెకు కుర్చీ తుడిచి ఇచ్చింది. నా దిక్కు తిరిగి కండ్లతోనే అన్నది: వచ్చినోళ్ళకు మర్యాద చెయ్యి.

చేసిన. మనసు ఒప్పక చేసిన. నాకు తెల్సిన మర్యాద ఒక్కటే: పట్టీ తెరిచి, ఆయన మోడ్‌ను బాణం ఒత్తి ఒత్తి అన్నిటికంటె పైకి ఎక్కిచ్చిన. ఎక్కంగ ఎక్కంగ నాది అట్టడుగుకు దిగింది. "ఇగో సార్, మీరు అడిగినట్టే. మీరు పైన, మేము కింద" అన్న. మరదలు "అయ్యో బావా" అన్నది. ఆయన మాత్రం గమ్మున కూసొని, పెదవులు బిగబట్టుకొని చూస్తున్నడు. నేను ఆట తెరిచిన. అంగడి దాటి పోయిన. గులాబీల గంపలు, మేకలు, గుడ్డలు, అన్ని ఆయనవే. తలుపు తెరిచిన.

"ఎవరోళ్ళు మీరు? కాళ్ళు గడుక్కొని లోపటికి రాండ్రి. బువ్వ తిన్నరా?"

ఆ వెనుకనే కుక్కర్ కూత.

మరదలు చప్పట్లు కొట్టింది. ఆయ్ సారు వాళ్ళావిడ మా ఇంటామె చెయ్యి పట్టుకొని "ఎంత నిండుగా ఉందండీ మీ గొంతు! నాది పక్కన పెడితే నాటకంలో పలికినట్టుంది" అన్నది. ఇంటామె సిగ్గుపడుకుంట "నీది కూడ మంచిగనే ఉంటది చెల్లె, జర మెత్తగుంటది, గంతే" అన్నది. అని, అన్ని రోజుల తర్వాత నాతోని మొదటి మాట మాట్లాడింది: "ఆ కూత ఎందుకు తియ్యలేదయ్యా?"

నేను ఆయ్ సారు దిక్కు తిరిగిన. "గిదెట్ల?"

"పై నుంచి ఒకటొకటిగా ఎక్కుతాయండి అన్నగారూ. ఆఖర్న ఎక్కింది ముందు వాటిని కప్పేస్తుంది. అడుగున ఉన్నదాని మాటే చెల్లుద్దండి."

"మరి ముందుగాల చెప్పొద్దా సార్!"

"చెప్పాను కదండీ. మీరు ఆటో ఎక్కేశారు."

ఆయన గెలిచినట్టు నవ్వితే తట్టుకుంటుంటి. మా ఇంటామె గొంతుకు నాకంటె ఎక్కువ ఆయనే మురిసిపోతుండె. ఓర్వలేనోణ్ణి ఇంతకంటె ఎక్కువ బాధపెట్టే పని ఇంకొకటి లేదు. ఆ కోపం నాకు చాలా రోజులు ఉండె. సున్నుండలు మాత్రం తిన్న.

ఇప్పుడు ఆ సెంటర్ లేదు, ఆ జాగల మొబైల్ కవర్లు అమ్ముతున్నరు. ఆయ్ సారు ఇల్లు అమ్ముకొని సిటీ ఆవలి దిక్కుకు పోయిండు. పండుగలకు ఫోన్ చేస్తడు. ఆ పాత మిషన్ ఒకటి ఇంట్ల పెట్టుకున్న. మోకాళ్ళ నొప్పితోని బయటికి పోలేని పొద్దు, వీరుణ్ణి తీసుకొని నేను దేశం మీద తిరుగుత. వాని మోకాళ్ళు ఇంకా మంచిగనే ఉన్నయి, అది చూస్తే కూడ నాకు ఓర్వబుద్ధి కాదు. మొన్న అట్లనే అంగడిల తిరుగుతుంటే ఎందుకో పట్టీ తెరిచిన. అన్నిటికంటె పైన ఆయన, అందరి కింద నేను, అన్నేండ్ల సంది అదే తీరు. బాణం ఒత్తిన. ఆయనను ఒక్కొక్క మెట్టు దింపుకుంట తెచ్చి అడుగున పెట్టిన. ఈసారి ఎందుకు పెడుతున్ననో తెల్సే పెట్టిన. పోయి తలుపు తెరిచిన.

"అయ్యో, ఎండన పడి వచ్చారా బాబూ! దయచేయండి..."

నవ్వుకుంట కూసున్న, తెర మీద నా తెల్లజుట్టు కనిపిస్తుండంగ. వంటింట్ల నుంచి చప్పుడు ఆగింది. "ఏందయ్యా," అన్నది మా ఇంటామె, గొంతు ఇప్పుడు జర కీచుమంటున్నది గని పదును పోలే, "మజ్జిగామెను మళ్ళ తెచ్చినవా?"

అంటుండంగనే కుక్కర్ కూసింది.