నాపరాయి మీద సిమెంటు పొర

1964 ఫిబ్రవరి 3, సోమవారం నాడు నేను కావలి వైపు సముద్రతీర గ్రామాల పనులకు ఓవర్సీరుగా చేరాను. ఓవర్సీరంటే పని జరిగే చోట నిలబడి సరుకు చూసి, కొలతలు తీసి, పైవారికి నివేదించే ఉద్యోగి. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు గారు. ఆయన వచ్చి చూసి సరేనంటేనే పని పూర్తయినట్టు లెక్క. ఆ ఉద్యోగంలో ఆడమనిషిని ఆ ఊళ్లవాళ్లు అంతకుముందు చూడలేదు. మొదటి రోజే నాకు ‘ఓవర్సీరమ్మ’ అని పేరు పెట్టేశారు.

నాకు అప్పగించిన తొలి పని, బోగోలుకు తూర్పున ఒక పాలెంలో చేపల వేలానికి రాతి నేల. పొడవు నలభై అడుగులు, వెడల్పు ముప్ఫై. మొత్తం పన్నెండు వందల చదరపు అడుగులు. రెండడుగులకు అడుగున్నర కొలతతో, ఒకవైపు నునుపు చేసిన నాపరాళ్లు నాలుగు వందలు కావాలి. విరిగేవాటికని ఇరవై అదనంగా తెప్పించాము. అప్పటిదాకా ఆ పాలెంలో చేపలను ఇసుకలోనే గుట్టలు పోసి వేలం పాట పెట్టేవారు. ఇసుక అంటిన చేపకు పాట లేవదు. చేపలు అమ్మే ఆడవాళ్లకు పెద్దదిక్కు పోలమ్మ. వేట ముమ్మరమయ్యేలోగా నేల చేతికి రావాలని ఆవిడ రోజూ వచ్చి అడిగేది. “రాళ్లు పరస్తా ఉండారా, పూజ చేస్తా ఉండారా?” అని మేస్త్రి వెంకయ్యను ఎగతాళి చేసేది.

పరచిన రాళ్ల సందులు నింపడానికి సిమెంటును పలచగా కలిపి పోస్తారు. దాన్ని సిమెంటు పాలు అంటారు. పోసిన వెంటనే రాతి మీద మిగిలినదాన్ని తడి గోనెతో తుడిచెయ్యాలి. ఎండితే తెల్లటి పొరై రాయిని పట్టుకుంటుంది. వెంకయ్య పనిలో నేర్పరి, కాని కూలీలందరూ ఆ పాలెంవాళ్లే. సిమెంటు పాలు పోసి గోనెలు తడుపుతుండగా పడవలు వస్తున్నాయని కేక వినబడిందట. ఆ కేకకు కంచం ముందున్నవాడైనా లేచిపోతాడు. అందరూ పడవలు లాగడానికి పరుగెత్తారు. ఆ రోజు నేను వేరే ఊరి పనిలో ఉన్నాను. మరునాడు వచ్చేసరికి నల్లని నేల కాస్తా సున్నం కొట్టిన గోడలా ఉంది.

“నువ్వూ పోయినావా?” అని వెంకయ్యను అడిగాను.

“వలల్లో కవళ్ల చేపలు విరగబడి పడినాయమ్మా. ఒక్కణ్ణి ఈడ నిలబడి ఏం చేసేది?”

శుక్రవారం అసిస్టెంట్ ఇంజనీరు గారి తనిఖీ ఉంది. రాతి మీద సిమెంటు కనిపిస్తే మొత్తం పెళ్లగించి మళ్లీ పరచమనేవారు. అంటే పాలెంవాళ్లకు ఆ వేట కాలమంతా ఇసుకే గతి. వెంకయ్య ఆసిడ్ తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. కొబ్బరిపీచుతో, నీళ్లతో రుద్దించమని చెప్పి ఆ పూటకు వెళ్లాను.

మర్నాడు తెల్లవారి నేను చేరేసరికి నేల మీద పది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉత్సాహంగా ఏదో తోముతున్నారు. దగ్గరికి వెళితే చింతపండు వాసన. తోమినచోట సిమెంటు కొంత పోయింది గాని, దాని కింద రాయి బూడిదరంగుకు తిరిగింది.

“పీచుకు రాలేదమ్మా,” అంది పోలమ్మ. “ఆసిడ్ వొద్దన్నారంట గదా. చింతపండు వొద్దనలా. ఇత్తడి బిందెలు దీంతోనే గదా తోమేది?”

 అందరినీ ఆపించి, ఆ చోట నీళ్లు గుమ్మరించి కడిగించాను. ఒక విరిగిన నాపరాయిని మేకుతో గీకి, రాలిన పొడి మీద నిమ్మకాయ పిండాను. పొడి నురగ కక్కింది. నాపరాయి సున్నపురాయి జాతి. సిమెంటు కూడా ఆ జాతి రాయిని కాల్చి చేసిందే. సిమెంటును తినే పులుపు రాయినీ తింటుందని చెప్పాను.

“మా అత్తకు మల్లే, రాయికీ పులుపు పడదన్న మాట,” అంది పోలమ్మ. అందరూ నవ్వారు. వాళ్లలో వెనక కూర్చున్న అత్తగారు మాత్రం నవ్వలేదు.

ఇక పొరను గీకి తీయడమే మార్గం. ఇనుప తాపీతో గీకితే రాయికి గీతలు పడుతున్నాయి, చెక్కతో గీకితే పొర కదలడం లేదు. ఇనుముకన్నా మెత్తగా, చెక్కకన్నా గట్టిగా ఉండేది కావాలి. ఒడ్డున ఆల్చిప్పలకు కొదవ లేదు. ముందు విరిగిన రాతి మీద ప్రయత్నించి చూశాను. రాయిని తడిపి, చిప్పను వాల్చి పట్టి గీకితే పచ్చి సిమెంటు పొలుసులుగా లేచింది, రాయికి గీత పడలేదు. చూపించాక వాళ్లకు మళ్లీ చెప్పవలసిన పని లేకపోయింది. చేప పొలుసు తీసే చేతులవి. పాటలు పాడుకుంటూ, ఒకరి వరసతో ఒకరు పోటీ పడుతూ గురువారం పొద్దుగూకేలోపు నేలంతా నల్లగా చేశారు.

చింతపండు తగిలిన రాళ్లు తొమ్మిది. అదనపు రాళ్లలో పదకొండు మిగిలి ఉన్నాయి. రాళ్ల కింద పరచిన సున్నం ఇంకా పచ్చిగా ఉండడంతో వెంకయ్య ఆ తొమ్మిదింటినీ లేపి కొత్తవి వేశాడు. ఈసారి సందుల్లో సిమెంటును గరిటెతో పోసి, వెంటనే తుడిచాడు. లేపిన రాళ్లను నేల మీదికి ఎక్కే చోట మెట్టుగా వేయించాను.

శుక్రవారం అసిస్టెంట్ ఇంజనీరు గారు వచ్చారు. నేల నాలుగు మూలలా నడిచి, సందులు వేలితో తడిమి, సరేనన్నారు. అప్పుడే కడిగిన నేల కావడంతో తిరిగి వచ్చేటప్పుడు ఆయన చెప్పులు ఒకటి రెండుసార్లు జారాయి. మెట్టు మీదికి రాగానే నిలదొక్కుకున్నారు. “ఈ రాయి పట్టుగా ఉందే. దీనికేం పని చేయించారు?” అని అడిగారు.

“చింతపండు వేసి తోమినామయ్యా,” అని నాకన్నా ముందు పోలమ్మే చెప్పింది.

ఆయన నా వైపు చూశారు. పులుపు రాతి నునుపును తినేసిందని, జరిగినదంతా చెప్పాను. ముందు ముందు చేపల నేలలకు కాలు జారకుండా నునుపు చేయని రాయి తెప్పించమన్నారు. పోలమ్మ ఆ మాట వినడానికి ఆగలేదు. అప్పటికే పడవలు వచ్చాయి. ఆ రోజు పాట రాతి మీదే జరిగింది.

ఆ తరువాత ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో చాలా రాతి పనులు చేయించాను. నాపరాయి దగ్గర ‘ఆసిడ్ వద్దు’ అని ఎప్పుడూ చెప్పలేదు. ‘పుల్లనిదేదీ తగలకూడదు’ అని చెప్పేదాన్ని. ఒక వస్తువు పేరు చెప్పి వద్దంటే మనిషి మరో వస్తువు వెతుక్కుంటాడు. దాని గుణం చెప్పి వద్దంటే, నేను లేని రోజున కూడా ఆ మాట పనిచేస్తుంది.