ఉనైజాలో చూసిన లాట్వియా మ్యాచ్

"శనివారం మ్యాచ్ నేనొక్కణ్నే చూడలేనప్పా, నువ్వు రావాల" అని రసూలన్న ఫోన్ చేశాడు. అందుకే జెద్దా నుంచి ఉనైజాకు బయలుదేరాను. రెండూ సౌదీలోనే అయినా దూరం తొమ్మిది వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. మ్యాచ్ జరిగేది మాత్రం లాట్వియాలో. మేం చూడబోయేది ఫోన్‌లో!

ఇదంతా ఇద్రీస్ కోసం. అతనిది ఘనా. ఒకప్పుడు జెద్దాలో మేం ముగ్గురం ఒకే కంపెనీ. నేను ఏసీ మెకానిక్‌ని, మా కడప మనిషే అయిన రసూలన్న స్టోర్‌కీపర్, ఇద్రీస్ లోడింగ్‌లో. శుక్రవారం సాయంత్రాలు షరఫియా దగ్గర మట్టి మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. గోల్ దగ్గర ఇద్రీస్ ఉంటే మాకు దిగులుండేది కాదు. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖత్ లెక్కలో మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది, చాలినంతమంది లేరని మా ఇఖామాలు, అంటే నివాస అనుమతి కార్డులు, రెన్యువల్ కాలేదు. నాకు జెద్దాలోనే వేరే పని దొరికింది. రసూలన్న కఫాలా మార్చుకుని, అంటే కొత్త యజమాని పూచీ మీద, ఉనైజాలో ఒక ఖర్జూర తోట మెస్‌లో వంటకు చేరాడు. ఇద్రీస్ ఎగ్జిట్ వీసా మీద ఘనాకు వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లాక అతను ఎవరి సాయంతోనో లాట్వియా దాకా వెళ్లి అక్కడి పెద్ద లీగ్‌లో ఒక చిన్న జట్టుకు ఎంపికయ్యాడు. రెండేళ్లు బెంచీ మీదే కూర్చున్నాడు. ఈ మార్చిలో సీజన్ మొదలైనప్పుడు మొదటిసారి గోల్ అప్పగించారు. అప్పటినుంచి ప్రతి మ్యాచ్ నేను జెద్దాలో, రసూలన్న ఉనైజాలో ఫోన్ పట్టుకుని చూశాం. వసంతమంతా ఓటములే. వేసవిలో కాస్త కోలుకున్నారు. నవంబర్ వచ్చేసరికి పరిస్థితి ఇది: ఆఖరి మ్యాచ్‌లో కనీసం డ్రా చేయకపోతే జట్టు కింది డివిజన్‌కు పడిపోతుంది, ఇద్రీస్ ఒప్పందమూ అంతటితో ముగుస్తుంది.

బస్సులో అయితే పదకొండు గంటల పైనే పడుతుంది. రాయచోటి మహబూబ్ తన పికప్‌లో ఉనైజాకు స్పేర్ పార్ట్‌లు తీసుకెళ్తున్నాడని తెలిసి, పెట్రోల్ ఖర్చు సగం నాదని ఒప్పుకుని ఎక్కాను. ఫజర్ నమాజు అయ్యాక ఐదున్నరకు కదిలాం.

"లాట్వియా అంటే యాడుందబ్బా?" అన్నాడు మహబూబ్.

"రష్యా పక్కన. చలి దేశం."

"ఆడ మ్యాచ్ అయితే నువ్వు ఉనైజాకు పోతాండావా! భలే మనిషివప్పా!" అంటూ మదీనా రోడ్డు పొడవునా నవ్వుతూనే ఉన్నాడు.

మదీనా చుట్టూ నల్లటి లావా రాళ్లు. ఊరు దాటాక తొమ్మిదిన్నరకు ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగి, అఫ్గాన్ బట్టీలో కాల్చిన తమీస్ రొట్టె, ఉడికిన చిక్కుడుగింజల ఫూల్ తిన్నాం. ఇద్దరికీ కలిపి తొమ్మిది రియాళ్లు. ఆ తర్వాత ఉనైజా ఉన్న ఖసీమ్ ప్రాంతం వైపు నేల మెల్లగా ఎర్రబడుతుంది. మూడింటికి తోట గేటు దగ్గర దిగాను.

"వచ్చినావా! ముందు తిను, కడుపు కాలితే గోల్స్ కనపడవు" అంటూ రసూలన్న సంకటి, కోడి పులుసు పెట్టాడు. అంత దూరం వెళ్లి తిన్నందుకో ఏమో, అలాంటి పులుసు జెద్దాలో ఎక్కడా తినలేదు.

నాలుగింటికి మ్యాచ్ మొదలైంది. ఫోన్‌ను బియ్యం బస్తాకు ఆనించాం. పన్నెండో నిమిషంలోనే మా జట్టు గోల్ ఇచ్చేసింది. రసూలన్న లేచి అవతలికి వెళ్లి నిలబడ్డాడు. సగం ఆట ముగిసే ముందు మావాళ్లు సమం చేశారు. రెండో సగం మొదలైందో లేదో, మగ్రిబ్ అజాన్ వినిపించింది.

"లెయ్" అన్నాడు రసూలన్న.

"అన్నా, ఫోను?"

"ఆడనే పెట్టు. అల్లా కంటే మ్యాచ్ పెద్దదా?"

నమాజులో నా మనసు ఎక్కడుందో చెప్పడానికి సిగ్గేస్తోంది. తిరిగి వచ్చేసరికి ఇద్రీస్ గడ్డి మీద పడి ఉన్నాడు, అతని మీద నలుగురైదుగురు. దెబ్బ తగిలిందనుకుని రసూలన్న నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు రీప్లే వేశారు. ఇద్రీస్ పెనాల్టీ ఆపాడు!

"మనం సజ్దాలో ఉన్నప్పుడా!" అని రసూలన్న నేల మీద కూలబడి నవ్వాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా.

మిగిలిన నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. ఒకటి-ఒకటి డ్రాగా ఆఖరి విజిల్ వినపడగానే మేం వేసిన కేకలకు గదుల్లోంచి బెంగాలీ కూలీలు పరుగెత్తుకొచ్చారు. "క్యా హువా భాయ్?" "హమారా గోల్‌కీపర్!" అంతే, విషయం పూర్తిగా తెలియకుండానే వాళ్లూ మాతో కలిసి గంతులేశారు.

కాసేపటికి ఇద్రీస్ వీడియో కాల్ చేశాడు. తల మీద సన్నగా మంచు పడుతోంది. షరఫియాలో నేర్చిన హిందీలోనే అరిచాడు: "రసూల్ భాయ్, ఏక్ సాల్ ఔర్!" ఇంకో ఏడాది ఉంచుకుంటామని జట్టువాళ్లు అప్పుడే చెప్పారట.

రసూలన్న ముఖం సీరియస్‌గా పెట్టి అడిగాడు: "ఔర్ ఇఖామా?"

"రెన్యూ హోగా భాయ్!"

ముగ్గురం పడీపడీ నవ్వాం.

ఇక్కడుండే కుటుంబాల మీద తలకింతని నెలనెలా లెవీలు వచ్చినప్పటి నుంచి నేను చేసిన ప్రయాణాలన్నీ వీడ్కోళ్లే. ఎవరో ఒకరి కుటుంబం ఇంటికి వెళ్లిపోతుంటే విమానాశ్రయానికి వెళ్లి పెట్టెలు మోసేవాణ్ని. ఒక మనిషి ఉన్నచోటే ఇంకో ఏడాది ఉంటాడన్న కబురు వినడానికి ఇంత దూరం వెళ్లడం ఇదే మొదటిసారి. తిరుగు ప్రయాణంలో నడుము నొప్పి పుట్టింది, అయినా దారంతా నవ్వుతూనే వచ్చాను.

మీరూ ఇక్కడినుంచి ఆ లీగ్ చూడాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: వేసవిలో లాట్వియా గడియారం, సౌదీ గడియారం ఒకటే, అక్టోబర్ ఆఖరి ఆదివారం తర్వాత వాళ్లు మనకన్నా గంట వెనక. ఆ గంట కలుపుకుని, రసూలన్న పులుసు తినడానికి మ్యాచ్‌కు గంట ముందే ఉనైజా చేరేలా బయలుదేరండి.